విండోస్ 11కి మారేముందు మీ కంప్యూటర్ ఏ భాషలో పుట్టిందో చూస్కోండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, అప్పట్నించి మనకొచ్చే ఉత్తరాల్లో చాలావరకు అప్‌గ్రేడ్ గురించే. అందులో మూడు ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చదివితే మూడింటి గోలా ఒకటే అనిపించింది, స్క్రీన్ మీద కనపడే భాష. అందుకని ఈసారి మిగతావన్నీ పక్కనబెట్టి ఈ మూడే తీసుకుంటున్నా.

ప్రశ్న: నాది చిక్కడపల్లిలో చిన్న డీటీపీ షాపు సార్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ మ్యాటర్ చేస్తా. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫోటోషాప్ పాత వెర్షన్, అన్నీ ఇదే సిస్టమ్‌లో ఉన్నయి. విండోస్ 11 ఫైలు డౌన్‌లోడ్ చేసి సెటప్ నడిపిస్తే ఏం ఉంచాలె అని అడిగే దగ్గర ఫైల్స్, యాప్స్ రెండూ ఉంచే ఆప్షన్ బూడిద రంగులో ఉంటున్నది, క్లిక్ అయితలేదు. సిస్టమ్ ఇంగ్లిష్, నేను దించింది కూడా ఇంగ్లిషే. ఫైల్స్ ఒక్కటే ఉంచమని కొట్టేస్తే ఏమన్న అయితదా?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: కొట్టకండి. ఈ సంచిక మీ చేతికొచ్చేలోపే కొట్టేసి ఉంటే మాత్రం కంగారు పడకుండా ఈ జవాబు చివరిదాకా చదవండి, కొంత వెనక్కి తెచ్చుకునే దారి ఉంది.

సంగతేంటంటే ఇంగ్లిష్ అని మనం ఒకే మాట అంటాం గానీ విండోస్‌కి అవి రెండు వేరే భాషలు. డౌన్‌లోడ్ పేజీలో లిస్టు కిందికి లాగితే ఒకచోట ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ అని, ఇంకోచోట ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ అని కనపడతాయి, ఈ రెండోది బ్రిటిష్ ఇంగ్లిష్ అన్నమాట. మీ సిస్టమ్‌లో మొట్టమొదట విండోస్ ఎక్కించినప్పుడు ఏది ఎక్కిందో అదే దాని పుట్టుభాష, బేస్ లాంగ్వేజ్ అంటారు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇంగ్లిష్ ఇండియా పెట్టుకున్నా తెలుగు పెట్టుకున్నా అది పైన వేసుకున్న చొక్కా లాంటిదే, లోపల పుట్టుభాష మారదు. సెటప్ చూసేది ఆ పుట్టుభాషనే. అది అమెరికన్ అయ్యుండి మీరు ఇంటర్నేషనల్ ఫైలు దించితే (లేదా అటుదిటు అయితే) యాప్స్ ఉంచే ఆప్షన్ మూసేస్తుంది. ఇంకో విషయం, మన దగ్గర కొన్న సిస్టమ్ కాబట్టి ఇంగ్లిష్ ఇండియా ఫైలు ఉంటుందేమో అని వెతక్కండి, అలాంటిది లేదు, ఈ రెంట్లో ఒకటే.

మీ సిస్టమ్ ఏదో తెలుసుకోడానికి ఒక కమాండ్ ఉంది, ఫోన్లో చెప్పినట్టు అక్షరం అక్షరం చెప్తా. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరవండి. నల్ల స్క్రీన్ వస్తుంది. అందులో డీ, ఐ, ఎస్, ఎం అని కొట్టి ఒక స్పేస్, తర్వాత స్లాష్ అంటే ముందుకి వాలిన గీత, దాన్ని ఆనుకునే ఆన్‌లైన్ అని, మళ్లీ స్పేస్, మళ్లీ స్లాష్, గెట్, చిన్న అడ్డగీత, ఐ, ఎన్, టీ, ఎల్. ఎంటర్ కొట్టండి. వచ్చిన వరసల్లో పైనే డిఫాల్ట్ సిస్టమ్ యూఐ లాంగ్వేజ్ అని ఒకటి ఉంటుంది, దాని ఎదురుగా ఈఎన్ గీత యూఎస్ అని ఉంటే అమెరికన్, ఈఎన్ గీత జీబీ అని ఉంటే ఇంటర్నేషనల్. దాన్ని బట్టి సరైన ఫైలు మళ్లీ దించుకోండి. 5 జీబీ పైనే ఉంటుంది కాబట్టి షాపులో నెట్ నెమ్మదైతే రాత్రి పెట్టి వెళ్లండి.

ఫైలు దిగాక పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ఎక్కించకండి, అలా చేస్తే భాష సరిపోయినా సరే యాప్స్ ఉంచుకునే అవకాశమే ఉండదు. విండోస్ 10 నడుస్తుండగానే మీరు దించుకున్న ఆ ఫైలు (దీన్నే ఐఎస్ఓ ఫైలు అంటారు) మీద డబుల్ క్లిక్ చేసి లోపల సెటప్ నడపాలి. అసలు ఇదంతా లేకుండా మీ సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గరే విండోస్ 11 రెడీగా ఉందని చూపిస్తుంటే దాన్నే పట్టుకోండి, భాష లెక్క అదే చూస్కుంటుంది. చూపించకపోతే మీ సిస్టమ్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఆన్‌లో ఉందో లేదో, ప్రాసెసర్ సరిపోతుందో లేదో చూడాలి, ఇంటెల్ అయితే ఒకటీ అరా తప్ప 8వ తరం నుంచే తీసుకుంటుంది.

రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన లోపలి సెట్టింగులు దాచుకునే చోట, పుట్టుభాష నంబరు మార్చేసి సెటప్‌ని నమ్మించే చిట్కా ఎవరైనా చెప్తారు, వీడియోలు కూడా ఉన్నాయి. సొంతానికి ఆడుకునే సిస్టమ్ అయితే మీ ఇష్టం గానీ, అన్నం పెట్టే సిస్టమ్ మీద అది చెయ్యమని నేను చెప్పను.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నల్లకుంటలో మా చిన్నాన్న సిస్టమ్ మీద ఆ ఫైల్స్ ఒక్కటే ఉంచే ఆప్షన్ నేనే కొట్టా. ఫైళ్లు భద్రంగానే ఉంటాయి కదా అనుకున్నా. ఉన్నాయి నిజమే, డీ డ్రైవ్‌లో పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ ఉన్నాయి. కానీ పేజ్‌మేకర్ లేదు, తెలుగు టైపు చెయ్యడానికి వాడే స్క్రిప్ట్ మేనేజర్ లేదు, ఫాంట్ల ఫోల్డర్లో ఇరవై ఏళ్లుగా ఒక్కోటీ పోగేసిన తెలుగు ఫాంట్లు లేవు. మర్నాడు పొద్దున మూడు పెళ్లి కార్డుల ప్రూఫులు ఇవ్వాలి. ఇన్‌స్టాల్ సీడీ ఏ అట్టపెట్టెలో ఉందో ఆయనకి గుర్తులేదు, పాపం ఆ రాత్రంతా పిన్ని కూడా అటక మీద వెతికింది. ఒక్క మాట అనలేదు నన్ను, అదే ఎక్కువ బాధేసింది.

ఫాంట్లు మాత్రం దొరికాయి. ఇలా అప్‌గ్రేడ్ అయ్యాక సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అని ఒక ఫోల్డర్ మిగుల్తుంది, పాత విండోస్ మొత్తం అందులోనే ఉంటుంది. దాని లోపల విండోస్, దాని లోపల ఫాంట్స్. అక్కణ్నించి కాపీ చేసుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేశా. 10 రోజులు దాటితే ఆ ఫోల్డర్ దానంతటదే పోతుంది, కాబట్టి మీరు కూడా ఇప్పటికే కొట్టేసి ఉంటే ఈ పేజీ మడిచిపెట్టి ముందు ఆ పని చెయ్యండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ దగ్గర గో బ్యాక్ అని బటన్ కూడా ఈ 10 రోజులే ఉంటుంది.

కొట్టకుండా ఆగినవాళ్లయితే ఇవాళే ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, సీడీలు, కీలు ఎక్కడున్నాయో వెతికి ఒకచోట పెట్టుకోండి. పేజ్‌మేకర్ 7 అనేది 2001 నాటి సరుకు, కంపెనీ దాన్ని ఎప్పుడో వదిలేసింది, పోతే కొత్తగా కొనుక్కునే వీలు లేదు.

ఇంకొక్క హెచ్చరిక, ఇది డీటీపీ వాళ్లకి మాత్రమే. అప్‌గ్రేడ్ అయ్యాక భాష సెట్టింగ్స్‌లో తిరుగుతూ అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్ అనే పాత డబ్బాలోకి వెళ్తే నాన్ యూనికోడ్ ప్రోగ్రామ్స్‌కి ఏ భాష అని ఉంటుంది (అన్ని భాషల అక్షరాలకీ ఉమ్మడిగా నంబర్లిచ్చే పద్ధతే యూనికోడ్, అది వాడని పాత ప్రోగ్రాముల సంగతి ఇది). తెలుగు వాడుతున్నాం కదా అని అక్కడ తెలుగు పెట్టకండి, అక్కడే బీటా అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది, యూటీఎఫ్ 8 అని, దాన్ని కూడా ముట్టుకోకండి. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఆ టిక్ పెడితే పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది, పెళ్లికూతురి పేరు మీద డబ్బాలు, ప్రశ్నార్థకాలు వస్తాయి.

ప్రశ్న: మా అమ్మ టీచర్‌గా రిటైర్ అయ్యింది మేము మల్కాజ్‌గిరిలో ఉంటాం, ఆవిడ కోసం ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 మొత్తం తెలుగులో పెట్టిచ్చా, బాగా అలవాటైపోయింది. మొన్న 11కి మార్చగానే మొత్తం ఇంగ్లిష్ అయిపోయింది. ఆవిడ రెండ్రోజుల్నించి దాన్ని ముట్టుకోవట్లేదు, నాది కాదన్నట్టు చూస్తోంది. మళ్లీ తెలుగు ఎలా తేవాలి? అలాగే చెల్లి ల్యాప్‌టాప్‌లో తెలుగు పెడదామంటే మీ లైసెన్స్ ఒక్క భాషకే అని వస్తోంది. ఇదెక్కడి రూలు?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: ముందు అమ్మగారిది. పోయినదేం లేదమ్మా, మళ్లీ వస్తుంది. విండోస్‌లో తెలుగు అనేది పూర్తి పుట్టుభాషగా లేదు, అందుకే డౌన్‌లోడ్ పేజీలో తెలుగు విండోస్ అని ఫైలు దొరకదు. కింద ఇంగ్లిష్ ఉండి దాని మీద తెలుగు పొర వేస్తారు. వెర్షన్ మారినప్పుడు ఆ పొర కొత్త వెర్షన్‌కి సరిపోయేది మళ్లీ నెట్ నుంచి దిగాలి. ఐఎస్ఓ ఫైలుతో చేసినా, సెటప్ మొదట్లో అప్‌డేట్స్ ఇప్పుడొద్దు అని పెట్టినా, మధ్యలో వైఫై పోయినా అది దిగక కింద ఉన్న ఇంగ్లిష్ బయటపడుతుంది. మీకు జరిగింది ఇదే అయ్యుండాలి.

సెట్టింగ్స్ తెరిచి టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లోకి వెళ్లండి. యాడ్ ఏ లాంగ్వేజ్ నొక్కి తెలుగు అని వెతకండి, తెలుగు లిపిలోనే కనపడుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నా విండోస్ డిస్‌ప్లే భాషగా పెట్టు అనే టిక్ పెట్టండి. లిస్టులో తెలుగు ఇప్పటికే ఉంటే పక్కన మూడు చుక్కల్లోకి వెళ్లి లాంగ్వేజ్ ప్యాక్ దిగిందో లేదో చూడండి, దిగకపోతే తెలుగుని తీసేసి మళ్లీ కలపడమే తేలిక. తర్వాత సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రండి. రీస్టార్ట్ అక్కర్లేదు గానీ సైన్ అవుట్ తప్పదు, అది చెయ్యక మారలేదని అనుకునేవాళ్లు చాలామంది.

ఇప్పుడు అమ్మగారి స్క్రీన్ తెలుగులో ఉంటుంది గానీ పాస్‌వర్డ్ అడిగే మొదటి స్క్రీన్ ఇంకా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. డిస్‌ప్లే భాష మనిషికో రకంగా ఉండొచ్చు, ఒకే ల్యాప్‌టాప్‌లో ఆవిడ అకౌంట్ తెలుగు, మీ అకౌంట్ ఇంగ్లిష్ అలా. మొదటి స్క్రీన్ ఎవరి అకౌంటూ కాదు కాబట్టి పాతదే ఉంటుంది. ఆవిడ అకౌంట్‌లో ఉండగానే అదే అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో కాపీ సెట్టింగ్స్ అని బటన్ ఉంటుంది, నొక్కితే కింద రెండు టిక్కులు ఉంటాయి, వెల్‌కమ్ స్క్రీన్‌కి ఒకటి, కొత్త అకౌంట్లకి ఒకటి. మొదటిది పెట్టండి.

అక్కడక్కడా ఇంగ్లిష్ మాటలు మిగులుతాయి, ముఖ్యంగా పాత కంట్రోల్ ప్యానెల్ లోపల. తర్జుమా చెయ్యనివన్నీ కింది పొర నుంచి కనపడతాయి, అది మీ తప్పు కాదు. క్రోమ్‌కి, ఆఫీస్‌కి భాష సెట్టింగ్ విడిగా ఉంటుంది, అవి విండోస్‌తో పాటు మారకపోతే వాటి లోపలికెళ్లి మార్చాలి.

టైపింగ్ సంగతి మీరు అడగలేదు గానీ ఆవిడ ఎలాగూ అడుగుతారు. తెలుగు కలిపితే మామూలుగా వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, అలవాటు లేనివాళ్లకి క అక్షరం ఎక్కడుందో కూడా దొరకదు. విండోస్ 10కి 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ అని ఇంకో కీబోర్డు ఇచ్చారు, ఇంగ్లిష్ అక్షరాల్లో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ అని పడుతుంది. తెలుగు పక్కన మూడు చుక్కలు, లాంగ్వేజ్ ఆప్షన్స్, కిందికెళ్తే యాడ్ ఏ కీబోర్డ్, అందులో ఉంటుంది. ఒక భాష నుంచి ఇంకో భాషకి విండోస్ బటన్ పట్టుకుని స్పేస్ కొట్టడమే.

ఆవిడ పాత వర్డ్ ఫైళ్లు తెరిస్తే తెలుగు అక్షరాల తీరు మారినట్టు అనిపించొచ్చు. ఎక్స్‌పీ రోజుల్నించి గౌతమి ఫాంట్ ఉండేది, విండోస్ 7లో వాణి వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి అన్ని సిస్టమ్‌లలో మామూలుగా రావు, తెలుగు కలిపితే వాటంతటవే దిగాలి. దిగకపోతే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి అందులో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ కలపండి, రెండూ వచ్చేస్తాయి. పాతికేళ్లు పిల్లలకి చక్కటి దస్తూరి నేర్పిన మనిషికి అక్షరం గుండ్రం కాస్త తేడా వచ్చినా తెలిసిపోతుంది, ఇది చిన్న విషయం అనుకోకండి.

ఇక చెల్లి ల్యాప్‌టాప్. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్లి ఎడిషన్ దగ్గర చూడండి, హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అని ఉంటుంది. మన దగ్గర చాలా ల్యాప్‌టాపుల్లో కంపెనీ నుంచే ఇది ఎక్కించి వస్తుంది, కొనేటప్పుడు డబ్బా మీద ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అని చూస్తాం గానీ ఈ మాట ఎవరూ చూడరు, అమ్మేవాళ్లూ చెప్పరు. 10 నుంచి 11కి మారినా అదే ఎడిషన్ వెంట వస్తుంది, అప్‌గ్రేడ్ చేస్తే ఆ గొళ్లెం ఊడుతుందనుకుంటే ఊడదు. దాన్ని తీయించాలంటే డబ్బు పెట్టి ప్రో ఎడిషన్‌కి మారాలి. నా మట్టుకు నేను తెలుగు కోసమే అంత ఖర్చు పెట్టమని చెప్పను, మెనూలు ఇంగ్లిష్‌లో ఉంచుకుని తెలుగు కీబోర్డు కలుపుకోండి, దానికి ఈ లైసెన్స్ అడ్డు రాదు. బ్రౌజర్‌లో తెలుగు పెట్టుకుంటే రోజూ చూసేదాంట్లో సగం తెలుగైపోతుంది. కానీ తెలుగు చదివే మనిషికి తెలుగు స్క్రీన్ ఇవ్వడానికి లైసెన్స్ అడ్డుపడటం నాకు సుతరామూ నచ్చదు, ఆ మాట ఇక్కడ రాసి తీరాలి. ఇంకా కొననివాళ్లు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకో ఇంకెక్కడికో వెళ్లినప్పుడు విండోస్ ఏ ఎడిషన్ అని నోరు తెరిచి అడగండి. పాత సిస్టమ్ ఏదైనా ఖాళీగా ఉంటే లినక్స్ కూడా చూడొచ్చు, అందులో ఇలాంటి ఎడిషన్ల గొడవ లేదు, మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు ఎన్నో ఏళ్లుగా దాన్ని తెలుగులోకి తెస్తున్నారు.

ప్రశ్న: మా బావ జర్మనీ నుంచి వస్తూ తన పాత ల్యాప్‌టాప్ నాకిచ్చిండు. మొత్తం జర్మన్‌ల ఉన్నది, ఒక్క ముక్క అర్థం అయితలేదు. ఇంగ్లిష్‌కి మార్చి విండోస్ 11 ఎక్కించాలె. ఏది ముందు చేయాలె?
– డిగ్రీ విద్యార్థి, ఉప్పల్

జవాబు: ముందు ఇంగ్లిష్‌కి మార్చు తమ్మీ, తర్వాత అప్‌గ్రేడ్. అర్థంకాని భాషలో అప్‌గ్రేడ్ ప్రశ్నలకి జవాబులు చెప్పడం మంచిది కాదు.

చదవలేని భాషలో సెట్టింగ్స్ ఎలా వెతకాలంటే, వెతకక్కర్లేదు. విండోస్ బటన్ పట్టుకుని ఆర్ కొట్టు, చిన్న డబ్బా వస్తుంది. అందులో ఎంఎస్, అడ్డగీత, సెట్టింగ్స్, కోలన్ అంటే రెండు చుక్కలు, రీజియన్‌లాంగ్వేజ్, ఇదంతా మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కు. విండోస్ ఏ భాషలో ఉన్నా సరే నేరుగా భాషల పేజీకి తీస్కపోతది. అక్కడ ప్లస్ గుర్తో, నీలం బటనో ఉంటుంది, నొక్కి ఇంగ్లిష్ కలుపు. ఆ కోలన్ కొట్టే దగ్గరే తిప్పలు పడతావు, జర్మన్ కీబోర్డులో అది షిఫ్ట్ పట్టుకుని ఫుల్‌స్టాప్ కొడితే పడుతుంది.

ఇంగ్లిష్ వచ్చింది కదా అని ఇంగ్లిష్ ఐఎస్ఓ దించకు. పైన చిక్కడపల్లి ఆయనకి చెప్పిందే నీకూను, ఆ ల్యాప్‌టాప్ పుట్టుభాష ఇంకా జర్మనే. బావ ఎక్కించిన ప్రోగ్రాములు ఏవైనా కావాలంటే విండోస్ అప్‌డేట్ నుంచైనా మారు, లేదంటే జర్మన్ ఫైలే దించు, మెనూలు మళ్లీ జర్మన్‌లోకి పోతే ఇదే చిట్కాతో వెనక్కి తెచ్చుకో. నీకు ఆ ప్రోగ్రాములేవీ అక్కర్లేదు అంటే నీ పరిస్థితి అందరికంటే సులువు, బావ ఫోటోలు, కాగితాలు ఏమైనా ఉంటే ఆయనకి పంపించేసి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇంగ్లిష్ విండోస్ 11 పెట్టుకుని మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించెయ్, అప్పుడు పుట్టుభాషే ఇంగ్లిష్ అవుతుంది. లైసెన్స్ మదర్‌బోర్డుకి కట్టి ఉంటుంది కాబట్టి అదే ఎడిషన్ ఎక్కిస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

ఒకవేళ ఆ ప్రాసెసర్ 11కి పనికిరానిదైతే విండోస్ 10లోనే ఉండి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో, అంటే మామూలు సపోర్ట్ ఆగాక కూడా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకంలో చేరొచ్చు, అవి 2026 అక్టోబర్ 13 వరకు.

ఇవన్నీ అయ్యాక కూడా కీబోర్డు మీద వై, జడ్ అక్షరాలు అటుదిటు ఉంటాయి, అది జర్మన్ కీబోర్డు తీరు. డిస్‌ప్లే భాష మార్చినంత మాత్రాన టైపింగ్ లేఅవుట్, అంటే ఏ కీ నొక్కితే ఏ అక్షరం పడాలనేది, మారదు, రెండూ వేరు. ఇంగ్లిష్ లేఅవుట్ పెట్టుకున్నావా, కీ మీద అచ్చేసిన అక్షరం ఒకటి, స్క్రీన్ మీద పడేది ఇంకోటి. కళ్లు మూసుకుని కొట్టే అలవాటుంటే ఇంగ్లిష్ పెట్టుకో, కీలు చూసి కొట్టేవాడివైతే జర్మనే ఉంచుకో. ఏది ఉంచుకున్నా సరే, పాస్‌వర్డ్ పెట్టేముందు దాన్ని నోట్‌ప్యాడ్‌లో ఒకసారి కొట్టి కళ్లతో చూస్కో, అందులో వై, జడ్, అట్ గుర్తు లేకుండా పెట్టుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే లాగిన్ స్క్రీన్‌లో లేఅవుట్ వేరేది ఉండి అక్కడ చుక్కలే కనపడతాయి.